చాలన్న మాట

కడియం నర్సరీల్లో మొక్క కొనుక్కున్న ఆడవాళ్ళలో నూటికి తొంభైమంది, డబ్బులిచ్చేసి ఆటో ఎక్కబోతూ ఒకటే ప్రశ్న వేస్తారు. "దీనికి రోజూ నీళ్ళు పొయ్యాలాండీ?" అని. గులాబీ కొన్నా అదే, మందారం కొన్నా అదే. ఫెర్ను కొన్నప్పుడు మాత్రం కాస్త ఆదుర్దాగా అడుగుతారు. దాని వాలకం అలాంటిది మరి. పువ్వుండదు, కాయుండదు, ఉన్న ఆస్తంతా ఆకే. ఆ ఆకు కూడా మెత్తగా, సన్నగా, కుండీ అంచు మీంచి కిందికి వేలాడుతూ, ఎవరైనా ఓ గుక్కెడు నీళ్ళు పోస్తే బాగుండునన్నట్టు ఉంటుంది. నర్సరీ కుర్రాడు చెప్పే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే.

"మట్టి చూసి పోసుకోండమ్మా."

ఈ జవాబు మనకి రుచించదు. రోజుకో చెంబు అంటే ఎంత హాయిగా ఉండేది! చెంబు లెక్క అయితే పనిమనిషికి అప్పగించొచ్చు, పిల్లలకి పురమాయించొచ్చు, ఊరెడుతూ పక్కింటావిడకి చెప్పి వెళ్ళొచ్చు. మట్టి చూడడం అలా కాదు. ఎవరి వేలుతో వాళ్ళు చూడాలి. చూశాక, ఒక్కోరోజు "ఇవాళ వద్దులే" అని చెంబు దించేసి వెనక్కి రావాలి. పోసెయ్యడం తేలికే. నిండు చెంబుతో వెనక్కి రావడమే కష్టం.

అసలు ఫెర్ను మనకి కొత్త చుట్టమేం కాదు. డెల్టా ఊళ్ళలో పాత ఇళ్ళ పెరటి నూతులు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నూతిలోకి తొంగి చూస్తే, లోపలి గోడ ఇటికల సందుల్లో పచ్చగా, తడితడిగా, కుచ్చులు కుచ్చులుగా ఆకులు వేలాడేవి. అవి ఫెర్నులే. వాటిని ఎవరూ నాటలేదు. ఎవరూ చెంబుతో నీళ్ళు పొయ్యలేదు. చేద పైకొస్తున్నప్పుడు చిందిన నాలుగు చుక్కలూ, నూతిలోంచి వచ్చే చల్లటి ఆవిరీ, ఇటికల మధ్య చారెడు మన్నూ — అంతే వాటి సంసారం. మారేడుమిల్లి వైపు వాగుల పక్కన బండల మీద కనిపించే ఫెర్నుల సంగతీ ఇంతే. చుట్టూ తేమ, వేళ్ళ దగ్గర గాలి. ఆ రెండూ కలిసిన చోటే ఫెర్నుకి పుట్టిల్లు. మోటార్లొచ్చాక చాలా నూతులు పూడిపోయాయి. ఫెర్ను మాత్రం కడియపులంక మీదుగా ప్లాస్టిక్కు కుండీలో మన వరండాలోకి తిరిగొచ్చింది.

ఇప్పుడు మన వరండాల్లో ఎక్కువగా వేలాడుతున్నది బోస్టన్ ఫెర్ను. దాని మూలజాతి అమెరికా ఖండంలో ఉష్ణమండలపు చిత్తడి నేలల మొక్క. 1894లో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్ వైపు వెళ్ళిన మొక్కల్లో ఒకటి మిగతావాటిలా నిక్కబొడుచుకోకుండా అందంగా ఒంగి ఉందిట. దాని సంతతే ఇదంతా. విత్తనం ఉండదు కనక ఆకు వెనక గోధుమరంగు చుక్కల్లో సిద్ధబీజాలు దాచుకుంటుంది. వాటిని చూసి పురుగు పట్టిందని గుడ్డతో తుడిచేసే ఇల్లాళ్ళు కూడా ఉన్నారు. శుభ్రానికి కూడా ఒక హద్దుండాలి!

సరే, నీళ్ళ సంగతికి వద్దాం. మొక్కలు పెంచి చెయ్యి తిరిగినవాళ్ళు ఎవరైనా సరే, ఇళ్ళల్లో మొక్కలు నీళ్ళు లేక పోయేదానికంటే నీళ్ళెక్కువై పోయేదే ఎక్కువంటారు. కారణం పెద్ద శాస్త్రమేం కాదు. వేళ్ళు నీళ్ళు తాగడమే కాదు, ఊపిరి కూడా పీలుస్తాయి. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలే వాటికి ఆధారం. మనం పొద్దునా సాయంత్రం పోస్తూ పోతే ఆ సందులన్నీ నీళ్ళతో నిండిపోతాయి. గాలాడక వేళ్ళు కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు. అప్పుడు ఆకు వాడుతుంది.

ఇదిగో, ఇక్కడే ఉంది తిరకాసంతా. దాహంతో ఉన్న మొక్కా వాడుతుంది, మునిగిపోతున్న మొక్కా వాడుతుంది. పైకి చూస్తే రెండింటి వాటమూ ఇంచుమించు ఒకటే. తల వాల్చిన మొక్కని చూసి "అయ్యో, దాహమేస్తోంది కాబోలు" అని ఇంకో చెంబు పోస్తాం. మర్నాటికి ఇంకాస్త వాలుతుంది. ఇంకో రెండు చెంబులు పోస్తాం. నీళ్ళ మధ్య నిలబడి దాహంతో చచ్చిపోతుంది పాపం. పోసిన చేతికి చివరిదాకా తెలీదు.

మన డెల్టావాళ్ళకి ఈ పొరపాటు మరీ సహజమనుకుంటాను. మనం వరిని చూసి పెరిగినవాళ్ళం. మడిలో నీళ్ళు నిలబడి తళతళలాడితే మన కంటికి అది కలిమి. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించాక, కాలవలు పారిన ప్రతి ఊరూ ఆయన పేరు తలుచుకుంటూనే ఉంది, విగ్రహాలకి దండలేస్తూనే ఉంది. నీళ్ళిచ్చినవాడు దేవుడు. కాని నీళ్ళు తీసుకుపోయే మురుగు కాలవ తవ్వించినవాడి పేరు మీలో ఎవరికైనా తెలుసా? నాకూ తెలీదు. అయినా సార్వా చేను పాలుపోసుకునే వేళ తుఫాను పట్టి, మురుగు కాలవ పూడిపోయి, పొలంలో నీళ్ళు దిగక రైతు నెత్తిన చెయ్యి పెట్టుకున్న ఏడాదిలో, ఆ పేరులేనివాడే కాటన్‌తో సమానమని అందరికీ తెలిసొస్తుంది. వరికి కూడా నీళ్ళలో నిలబడే శక్తి ఊరికే రాలేదు. దాని కాండంలో, వేళ్ళలో గాలి దిగే సన్నటి దారులున్నాయి. అంత ఏర్పాటున్న వరికే కోతకి ముందు మడిలో నీళ్ళు తీసేస్తారు. ఆ ఏర్పాటు ఏదీ లేని కుండీ మొక్కకి మనం వరిమడి మర్యాద చేస్తాం.

అతి పనికిరాదని అందరికీ తెలుసు, పెద్దలు శ్లోకం కూడా కట్టిపెట్టారు. కాని అతి ఎక్కడ మొదలవుతుందో చెప్పాల్సిందెవరు? ఇచ్చేవాళ్ళా, పుచ్చుకునేవాళ్ళా? శ్లోకం ఆ సంగతి తేల్చలేదు.

మన గోదావరి జిల్లాల్లో అయితే ఇచ్చేవాళ్ళే తేలుస్తారు. విస్తరి ముందు కూర్చున్న చుట్టం "చాలండీ" అంటే అది మర్యాదకి అన్న మాటగానే లెక్క. రెండోసారి "నిజంగా చాలండీ" అంటే మొహమాటం. మూడోసారి విస్తరికి చెయ్యి అడ్డం పెడితే, "ఆయ్, ఈ ఒక్క గరిటే నండి" అని వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసే ఘటికురాళ్ళని నేనెరుగుదును. 2022 సంక్రాంతికి నర్సాపురంలో కాబోయే అల్లుడికి ఒక కుటుంబం 365 రకాలు వడ్డించిందని పేపర్లలో చదివి అందరం మురిసిపోయాం. రకాలు లెక్కపెట్టినవాళ్ళున్నారు, ఫొటోలు తీసినవాళ్ళున్నారు. ఆ పిల్లాడు ఎన్ని తినగలిగాడో అడిగినవాళ్ళు మాత్రం కనబడలేదు. నాకు మర్యాదంటే చిన్నచూపు లేదు. కొసరి వడ్డించే చెయ్యి లేకపోతే ఈ నేల ఈ నేల కాకుండా పోతుంది. కాని మొక్కకి నోరు లేదు కనక దాని మాట మనకి వినబడదు, అది సరే. నోరున్నవాళ్ళు "చాలు" అన్నా వినబడకపోవడం ఏమిటి?

దీని వెనక ప్రేమతో పాటు ఇంకోటుంది. భయం. పక్కింటివాళ్ళు తాళం మన చేతికిచ్చి, "మొక్కలకి కాస్త నీళ్ళు పోస్తూ ఉండండి" అని తిరుపతి వెళ్ళారనుకోండి. మనం మన మొక్కలకంటే వాళ్ళ మొక్కలకి రెండింతలు పోస్తాం. ఎందుకు? వాళ్ళు తిరిగొచ్చేసరికి ఎండిన ఆకు కనబడితే "ఈవిడ మర్చిపోయింది" అంటారు. అదే నీళ్ళెక్కువై కుళ్ళితే? "పాపం, ఎంత బాగా చూసుకుందో, దానికి ఆయుర్దాయం లేదు" అంటారు. తక్కువై పోతే నేరం, ఎక్కువై పోతే తలరాత. లోకం తీర్పు ఇలా ఉన్నప్పుడు ఏ తెలివైన ఆడది చెంబు దించుతుంది? అందుకే మనం పోసే నీళ్ళలో సగం మొక్కకి, సగం మన మంచిపేరుకి.

ఇది కుండీలతో ఆగిపోతే నేనింత రాయను. మాకు దూరపు చుట్టం ఒక పెద్దావిడ ఉంది. కోనసీమలో మండువా లోగిలి, నలభై ఏళ్ళు తన చేతి మీద నడిచిన ఇల్లు. భర్త పోయాక కొడుకు రాజమండ్రిలో తన ఫ్లాట్‌కి తీసుకొచ్చాడు. కోడలు ఉద్యోగం చేస్తుంది, ఉత్తమురాలు. అత్తగారు రాగానే ఆవిడ చేతిలోంచి కత్తిపీట తీసేసింది. "ఇన్నాళ్ళూ చేశారుగా అత్తయ్యగారూ, హాయిగా కూర్చోండి" అంది. మంచం మీదికే కాఫీ. మంచం ఎదురుగా టీవీ. మూడు నెలలయ్యేసరికి ఆవిడ మాట తగ్గింది, తిండి తగ్గింది, పగలు నిద్ర ఎక్కువైంది. వాడింది అన్నమాట. పరీక్షలన్నీ చేయించారు, ఏమీ లేదన్నారు. కోడలు ఇంకా బెంగపడి, నీళ్ళ గ్లాసు కూడా ఆవిడ అందుకోనక్కరలేకుండా ఒక మనిషిని పెట్టింది.

ఒకరోజు కోడలు ఆఫీసునుంచి వచ్చేసరికి పెద్దావిడ వంటింటి గుమ్మంలో కాళ్ళు చాపుకుని, పనిమనిషితో కబుర్లు చెబుతూ గోంగూర వలుస్తోందిట. ఆ పూట రెండోసారి అన్నం కలుపుకుందిట. కోడలు తెలివైనది, మారు మాట్లాడలేదు. మర్నాటి నుంచి కందిపప్పు, బియ్యం, కరివేపాకు — ఏదో ఒకటి చాటలో పోసి ఆవిడ పక్కన పెట్టి వెళ్ళడం మొదలుపెట్టింది.

కథ ఇక్కడ కంచికెళ్ళాలి కదా? వెళ్ళలేదు. చూడ్డానికొచ్చిన బంధువులు చాట చూశారు. "డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి చేత బియ్యం ఏరిస్తోంది చూశావా" అని మెట్లు దిగకుండానే మొదలుపెట్టారు. ఆ మాట పెళ్ళిళ్ళలో తిరిగింది. అప్పుడు ఆ పెద్దావిడ ఏం చేసిందో తెలుసా? గుమ్మం దగ్గర బెల్లు మోగగానే చాటని తనే మంచం కిందికి తోసేసి, చేతులు చీర చెంగుకి తుడుచుకుని, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. వచ్చినవాళ్ళు "రాణీలా ఉన్నావమ్మా, కోడలు కాలు కింద పెట్టనివ్వదు" అని మెచ్చుకుని వెళతారు. మూడు నెలలు ఆవిణ్ణి వాడిపోయేలా చేసిన పద్ధతికి ఊరంతా మెప్పు. ఆవిడకి ప్రాణం పోసిన పద్ధతి మంచం కింద. ఇందులో నాకు కోడలి తప్పు కనబడదు, అత్తగారి తప్పు అంతకంటే కనబడదు. మెట్లు దిగకుండానే మొదలుపెట్టినవాళ్ళ నోళ్ళకి మాత్రం ఎవరైనా మురుగు కాలవ తవ్వితే బాగుండును.

ఇంతదాకా చదివి, "అయితే ఎవర్నీ పట్టించుకోకుండా వదిలేస్తే పోలా" అనేవాళ్ళు ఉంటారు. ఎక్కువగా మగవాళ్ళే ఉంటారు. పిల్లాడికి జ్వరమొచ్చిన రాత్రి అటు తిరిగి పడుకుని, "అతిగా చూస్తేనే పాడవుతారు" అని తత్త్వం చెప్పేవాళ్ళకి నా ఫెర్ను ఆసరా కాకూడదు. ఫెర్ను పూర్తిగా ఎండితే ఓర్చుకోదు. బోస్టన్ ఫెర్ను బుల్లి ఆకులు రాల్చి ఈనెలు మిగుల్చుతుంది. దాని అక్కచెల్లెలు, నల్లటి సన్నకాడల ఫెర్ను ఒకటుంది, అది ఒక్క వేసవి మధ్యాహ్నానికే అప్పడంలా పెళుసెక్కుతుంది. నూతిగోడ మీద ఫెర్ను తన తడి తను వెతుక్కోగలదు. కుండీలోది ఎక్కడికి పోతుంది? దాన్ని దాని చోటునుంచి తెచ్చి, జానెడు మట్టిలో పెట్టి, కప్పు కింద ఉంచి వాన కూడా తగలకుండా చేసింది మనమే. అలా తెచ్చిపెట్టుకున్న రోజునే దానికి మనం బాకీ పడ్డాం. ఆ బాకీ ఎంతో దాన్నే అడిగి తీర్చాలంటున్నాను గాని, ఎగ్గొట్టమనడం లేదు.

అడగకపోవడం ఎటువైపైనా ప్రమాదమే. బాలింతల సంగతి చూడండి. చుట్టానికి నెయ్యి చాలన్నా వినని మన ఇళ్ళల్లోనే, పురిటి మంచం మీది పిల్ల "అమ్మా, దాహం" అంటే కూడా వినేవాళ్ళు కారు. ఒళ్ళు నీరు పడుతుందని గుటకలు లెక్కపెట్టి ఇచ్చేవారు. పాలిచ్చే తల్లి దాహం తీరా నీళ్ళు తాగాలని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నా, ఇంకా కొన్ని ఇళ్ళల్లో చాటుగా తాగాల్సిందే. అక్కడ ఎక్కువ, ఇక్కడ తక్కువ. రెండు చోట్లా ప్రేమకి లోటు లేదు. రెండు చోట్లా ఆ మనిషిని అడిగినవాళ్ళు లేరు.

ఫెర్నుల చరిత్రలో ఒక ముచ్చట ఉంది. లండన్‌లో నెథానియల్ వార్డ్ అని ఒక డాక్టరు ఉండేవాడు. ఇంటి గోడ మీద ఫెర్నులు పెంచుకోవాలని ఆయనకి మహా సరదా. ఆ ఊరి పొగకి అన్నీ చచ్చిపోయేవి. 1829లో ఏదో చిలక పురుగు గూడు ఎలా విచ్చుకుంటుందో చూద్దామని సీసాలో కాస్త తడి మట్టి పోసి, గూడు పెట్టి, మూత బిగించాడు. పురుగు మాటెలా ఉన్నా, ఆ మట్టిలోంచి ఒక ఫెర్నూ ఒక గడ్డిపోచా మొలిచాయి. సీసాలో తడి ఆవిరై, గాజుకి పట్టి, మళ్ళీ మట్టిలోకే దిగేది. ఎవరూ ఒక్క చుక్క పొయ్యకుండా ఇంచుమించు నాలుగేళ్ళు బతికాయి. ఆఖరికి ఎలా పోయాయనుకున్నారు? ఆయన ఊళ్ళో లేనప్పుడు మూత తుప్పుపట్టి, వాననీళ్ళు లోపలికి దిగి పోయాయి. ఈ సంగతి ఆయనే పుస్తకంలో రాసుకున్నాడు. ఆ గాజుపెట్టెల కిటుకుతోనే తర్వాత సముద్రాల మీద దేశదేశాల మొక్కలు ప్రయాణం చేశాయి. ఇంగ్లండులో ఆడపిల్లలకి ఫెర్నుల పిచ్చి ఎంత పట్టిందంటే, 1855లో ఛార్లెస్ కింగ్స్‌లీ అనే రచయిత దానికో జబ్బు పేరే పెట్టాడు. నవలలకంటే, ఊసుపోని కబుర్లకంటే ఇది నయమేనని కూడా ఒప్పుకున్నాడు లెండి. ఆ మాట మనల్ని ఉద్దేశించి కాదనుకుందాం.

ఇక మట్టి చూడడమంటే ఏమిటో చెబుతాను, పెద్ద విద్యేం కాదు. వేలు మొదటి కణుపుదాకా మట్టిలో గుచ్చండి. చల్లగా, తడిగా తగిలితే ఆ పూటకి వద్దు. పైన ఆరినట్టుంటే పోయండి. కడియం కుండీల్లో తరచు కొబ్బరి పొట్టు కలుపుతారు, అది పైపైన ఎండి మోసం చేస్తుంది, లోపల తడి ఉంటుంది. అందుకని కుండీని ఓసారి చేత్తో ఎత్తి చూడండి, బరువే చెబుతుంది. పోస్తే అడుగు కన్నంలోంచి కారేదాకా పోయండి. ఓ అరగంట పోయాక కింది పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయండి. చాలామంది చెయ్యని పని ఇదే. కాలవగట్టు ఒండ్రుమట్టి అచ్చంగా నింపకండి. వరికి అది బంగారం, కుండీలో అది బంక. రోహిణీ కార్తె వడగాల్పుకి రోజుకి రెండుసార్లు కూడా అడగొచ్చు. శ్రావణ భాద్రపదాల ముసురులో నాలుగు రోజులైనా అడక్కపోవచ్చు. భీమవరం, కోనసీమ సముద్రపు వైపు ఉప్పు బోరునీళ్ళకి ఆకుల కొసలు మాడతాయి. దానికి ఎన్ని చెంబులు పోసినా లాభం లేదు, వాననీళ్ళు పట్టి పొయ్యాలి.

ఈమధ్య ఊరెళ్ళాల్సొచ్చి పక్కింటావిడకి తాళమిస్తూ, ఇదంతా ఏకరువు పెట్టలేక, ఒక్కటే చెప్పాను. "తడిగా ఉంటే పొయ్యకండి. ఎండిపోయినా మిమ్మల్ని ఒక్క మాట అనను" అని.

ఆవిడ తాళం బొడ్లో దోపుకుంటూ నవ్వింది. "మీరు అనరండి. మీవారి మాటేమిటి?" అంది.